వియ్యంకుడి ఫ్లాష్

మా అత్-బాషీలో పెళ్ళి ఫోటోలంటే నేనే. ఈ మాట నేను అన్నంత గట్టిగా ఊళ్ళో ఇంకెవరూ అనరు. వాళ్ళు అనేది వేరే ఉంది: "జుమాదిల్ వస్తున్నాడు, కళ్ళు మూసుకోండి." నా పాత ఫ్లాష్ మెరిసిందంటే ఎదుటివాళ్ళకు టీ చల్లారేదాకా కళ్ళముందు పచ్చటి చుక్కలే. అదీ మెరిస్తేనే. ఒకసారి మెరిసిందంటే రెండోసారికి ఆయాసపడేది. అది ఊపిరి పీల్చుకునేలోగా ఉంగరాలు తొడిగేసేవాళ్ళు, కేకు కోసేసేవాళ్ళు, పెళ్ళికొడుకు మేనమామ ఎవరో తాగి పడిపోయి లేచి కూర్చునేవాడు కూడా. నేను మాత్రం కెమెరా కంటికి ఆనించుకుని, అంతా నా చేతుల్లోనే ఉందన్నట్టు మొహం పెట్టి నిలబడేవాణ్ణి. ఫోటోలు తీయడం సంగతెలా ఉన్నా, ఆ మొహం పెట్టడంలో నాకు సాటి లేరు.

మా అమ్మ సైదే నా ఫోటోలు చూసే తీరు ఇంకా ఘోరం. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూస్తుంది.

"ఈ పిల్లెవర్రా? పోయి ఎన్నాళ్ళయింది?"

"పోవడమేంటమ్మా, మొన్ననే పెళ్ళయింది. నిక్షేపంలా ఉంది."

"మరెందుకు పిండిలో ముంచావు?"

ఆవిడ తప్పేం లేదు. ఎదురుగా కొట్టే ఫ్లాష్ మొహంలో ఉన్నదంతా తుడిచేస్తుంది. బుగ్గ మీది ఎరుపు, కంటి కింది నీడ, నవ్వబోయి ఆగిన పెదవి, అన్నీ పోతాయి. మిగిలేది రెండు కళ్ళూ ఒక ముక్కూ. ఇన్నేళ్ళూ ఊరివాళ్ళు దాంతోనే సరిపెట్టుకున్నారు, నేనూ సరిపెట్టుకున్నాను. మేరిమ్ పెళ్ళి కుదిరాక మాత్రం సరిపెట్టుకోవడం కుదరలేదు.

మేరిమ్ నా పెద్ద కూతురు. మాలో మొదటి బిడ్డను తాతా నాయనమ్మా తమ బిడ్డగా పెంచుకోవడం మామూలే. అలా మేరిమ్ పాలు మరిచిన దగ్గర్నుంచీ మా అమ్మ పక్కలోనే పెరిగింది. మా అమ్మను "అమ్మా" అంటుంది. నన్ను "అన్నయ్యా" అంటుంది, నా భార్య బురుల్‌ను "వదినా" అంటుంది. మొదట్లో కాస్త గుచ్చుకునేది గానీ తర్వాత నాకూ అలవాటైపోయింది. బజార్లో ఎవరైనా "మీ అమ్మాయి కనబడిందోయ్" అంటే నేను చిన్నవాళ్ళనే తలుచుకునేవాణ్ణి.

సంబంధం దొలోన్ కనుమకు అవతల, కోచ్‌కోర్‌లో కుదిరింది. పెళ్ళి నవంబరు చివర్లో. అమ్మకు రక్తపోటు. కనుమ దాటడానికి వీల్లేదని, దాటితే ఆ తర్వాత సంగతి తనకు చెప్పొద్దని డాక్టరు ఖరాకండిగా చెప్పేశాడు. అమ్మ ఆయన్ని నాలుగు తిట్టి, ఇంటికొచ్చి, నన్ను పిలిచింది.

"జుమాదిల్, ఇలా కూర్చో. అత్తారింట్లో దాని తలమీద తెల్ల గుడ్డ కప్పుతారు చూడు, ఆ క్షణంలో దాని మొహం నాకు తీసుకురా. కార్లూ కేకులూ నాకొద్దు. ఆ ఒక్క మొహం చాలు."

"తెస్తానమ్మా."

"ఆ క్షణాన ఏ ఆడపిల్లా మొహంతో అబద్ధమాడలేదు. చూస్తే నాకు తెలిసిపోతుంది, అది ఆ ఇంట్లో బతకగలదో లేదో. బతకలేదనిపిస్తే ఈ డాక్టరు మాటా వినను, ఆ కనుమ మాటా వినను. పోయి తెచ్చేసుకుంటాను."

"అలాగే."

"పిండిలో ముంచి తేకు."

అప్పటిదాకా నేను ఫోటోలు తీసింది డబ్బులిచ్చేవాళ్ళ కోసం. వాళ్ళకు బాగాలేకపోతే మహా అయితే తిడతారు. ఈసారి అమ్మ ఆ కాగితం చూసి ఒక నిర్ణయం తీసుకుంటుంది. మొహం పిండిముద్దలా వస్తే ఆవిడ ప్రాణాలకు తెగించి కనుమ ఎక్కుతుంది. మా అమ్మ ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదు. అందుకని నాకు భయమేసింది. భయమేస్తే నేను చేసే పని ఒక్కటే, ఏదో ఒకటి కొనడం.

ఒక మంచి ఫ్లాష్ కొనాలని రాజధాని బిష్కెక్‌కు బయల్దేరాను. వెళ్ళేముందు ఫోన్లో దాని గురించి నెలరోజులు చదివాను. ఎంత చదివితే అంత అయోమయం. ఒకడు ఇది కొనమంటాడు, ఇంకొకడు దాన్ని కొన్నవాడు గాడిద అంటాడు. చివరికి నాకు అర్థమైంది ఏమిటంటే, నేను ఎలాగూ గాడిదనే, ఏ ఫ్లాష్‌తో అన్నదే తేలాలి.

బజారు కింద నేలమాళిగలో జూరా అనే ఆవిడ కొట్టుంది. ఆవిడకు నోరెక్కువ, సరుకు తక్కువ.

"అన్నిటికన్నా పెద్దది చూపించమ్మా," అన్నాను.

"దేనికి? పెళ్ళికా, విమానాలు దింపడానికా?"

"పెళ్ళికే."

ఆవిడ బల్లమీద మూడు పెట్టింది. మొదటిది కెమెరా కంపెనీవాళ్ళదే. దాని ధర విన్నాక నా కెమెరా అమ్మేసి ఇది కొనుక్కోవాలేమో అనిపించింది. రెండోది ఎవరో వాడి అమ్మేసింది, దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. మూడోది పేరు తెలియని కంపెనీది, చూడ్డానికి నల్లగా, ముద్దగా ఉంది. లోపల చిన్న బ్యాటరీలు కాకుండా ఒకే పెద్ద బ్యాటరీ ఉందట. జూరా దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టీ తాగుతూ, గోడవైపు మెరిపిస్తూనే పోయింది. నేను పిల్లల సంగతి, ఊరి సంగతి చెబుతున్నాను, అది మెరుస్తూనే ఉంది. ఆయాసం లేదు, అలక లేదు.

"వేడెక్కితే ఎర్రదీపం వేసి తనే కాసేపాగుతుంది," అంది జూరా. "నీకూ అలాంటి దీపం ఒకటి ఉంటే బాగుండేది, గంటనించీ మాట్లాడుతున్నావు."

"ఇంతకన్నా పెద్దది లేదా?"

"పెద్దది ఏం చేసుకుంటావయ్యా? మెరుపు పెద్దదైతే ఏమొస్తుంది, అడిగినప్పుడల్లా మెరవాలి గానీ. ఇదిగో, దీని తల తిరుగుతుంది చూశావా? ఎదురుగా కొట్టకు. దగ్గర్లో తెల్లగా ఏముంటే దాని మీద కొట్టు. కప్పో, గోడో. వెలుగు అక్కణ్ణుంచి మెత్తగా దిగుతుంది. చలిలో మాత్రం ఒంటికి ఆనించుకుని వెచ్చగా పెట్టుకో."

తర్వాత పక్కనున్న చిన్న మీట ఒకటి చూపించింది. "ఇది నొక్కావనుకో, ఎదురుగా ఎవరి ఫ్లాష్ మెరిసినా దాన్ని చూసి ఇదీ అదే క్షణంలో మెరుస్తుంది. కాకపోతే అవతలిది పాతకాలపుదై ఉండాలి. కొత్తవి అసలు మెరుపుకు ముందు ఓ చిన్న మెరుపు విసురుతాయి, ఇది దానికే మోసపోయి తొందరపడుతుంది."

"వేరేవాడి ఫ్లాష్‌కు నా ఫ్లాష్ ఊడిగం చెయ్యాలా? ఆ మీట నాకక్కర్లేదు."

"అయితే కోసి ఇక్కడ పెట్టి వెళ్ళు," అని ఫ్లాష్ నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చిన రోజునుంచీ మేరిమ్‌ను కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టాను. ఫ్లాష్ తల పైకి తిప్పి, కప్పు మీద కొట్టాను. ఫోటోలో మేరిమ్ నీలంగా వచ్చింది. మా ఇంటి కప్పుకు ఆకాశంరంగు వేసింది నేనే, చక్కగా ఉంటుందని పట్టుబట్టి మరీ. అమ్మ చూసి, "ఈసారి నీళ్ళలో పడి పోయింది," అంది. గోడవైపు కొట్టాను. గోడకు ఎర్ర కంబళి. "ఇప్పుడు జ్వరమొచ్చింది," అంది అమ్మ. వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద కొడితే మాత్రం మేరిమ్ అచ్చం మేరిమ్‌లా వచ్చింది, బుగ్గమీది మచ్చలతో సహా. కానీ వియ్యాలవారింటికి ఫ్రిజ్ మోసుకెళ్ళలేను కదా.

మేరిమ్ ఓపికగా కూర్చునేది. ఫ్లాష్ మెరిసినప్పుడల్లా నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి పంటితో నొక్కిపట్టేది. ఆ అలవాటు దానికి చిన్నప్పట్నుంచీ ఉంది. మీటలన్నీ కళ్ళు మూసుకుని నొక్కడం కూడా నేర్చుకున్నాను. మేరిమే పరీక్ష పెట్టేది.

"తల తిప్పు అన్నయ్యా. వెలుగు తగ్గించు. ఆ పక్కనున్న చిన్న మీట?"

"అది మనకక్కర్లేదు."

"అక్కర్లేకపోయినా నొక్కాలి, పరీక్ష కదా."

నొక్కాను. మేరిమ్ చప్పట్లు కొట్టింది. "అత్తారింట్లో ఈ మెరుపులు లేకపోతే నాకు నిద్ర పట్టదేమో," అంది. నేనది వినలేదన్నట్టు ఫ్లాష్ అద్దం తుడుస్తూ కూర్చున్నాను.

బయల్దేరే రోజు చలి విరగ్గొడుతోంది. కెమెరా సంచి భుజానికి తగిలించుకుని, ఫ్లాష్‌ను కోటు లోపల చంక కింద పెట్టుకున్నాను, కోడి గుడ్డును పొదిగినట్టు. బురుల్ నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"మేరిమ్ నాన్నా, నిజంగా ఆ సంచి తీసుకొస్తున్నావా?"

"మరి? కెమెరా లేకుండా పెళ్ళికి వెళ్ళడానికి నేనేమన్నా చుట్టాన్నా?"

బురుల్ మొహం కిటికీవైపు తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది పాపం, తల్లి మనసు కదా అనుకున్నాను.

కోచ్‌కోర్‌లో వాళ్ళ గుమ్మం దగ్గర ఆడవాళ్ళు మా మీద మిఠాయిలు చల్లారు. మేరిమ్‌ను లోపలికి తీసుకెళ్ళి పెద్దగది ఎడంవైపు మూలన, తెల్ల తెర వెనక కూర్చోబెట్టారు. నేను సంచి తెరిచి కెమెరా బయటికి తీసి, ఏ మూల నిలబడితే బాగుంటుందా అని చూస్తున్నాను. అంతలో పెళ్ళికొడుకు తల్లి కనిషాయ్ వచ్చింది. పొట్టి మనిషి, కానీ గదిలో అందరికన్నా పొడుగ్గా కనిపించే రకం.

"ఏంటన్నయ్యగారూ అది?"

ఇక్కడ కూడా అన్నయ్యనే. నా జాతకమే అంత అనుకున్నాను. "కెమెరా అమ్మా. ఫోటోలు..."

"మా ఇంట్లో మనుషులు కరువయ్యారా, వియ్యంకుడి చేత పని చేయించుకోడానికి? ఫోటోలకు షైలోబెక్‌ని పెట్టాం. మీరు వేలు కదిపినా మా వంశం మొత్తానికి తలవంపులు."

ఆవిడ కెమెరా నా మెడలోంచి తీసింది, దండ తీసినంత మర్యాదగా. కెమెరా, సంచి ఒకరి చేతిలోంచి ఒకరికి మారుతూ వెళ్ళి, కప్పుదాకా పేర్చిన పరుపుల దొంతర మీద కూర్చున్నాయి. నా తలమీదికి కొత్త టోపీ వచ్చింది, భుజాల మీదికి చపాన్, అంటే దూది కూరి కుట్టిన బరువైన పొడుగు కోటు, వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని తీసుకెళ్ళి నన్ను పెద్దపీట మీద కూర్చోబెట్టారు.

వియ్యంకుడు. ఆ మాట అప్పుడు తగిలింది నాకు. ఇన్నేళ్ళుగా ఎంతమంది వియ్యంకుల్ని ఫోటో తీశాను. చపాన్‌లో చెమటలు కక్కుతూ, లేవడానికి వీల్లేక, పెట్టింది తింటూ కూర్చునే ఆ మనుషుల్ని చూసి ఎంత నవ్వుకున్నాను. వియ్యంకుడు పీట మీంచి లేవకూడదని, పని ముట్టుకోకూడదని నాకు తెలియనిది కాదు. ఈ పెళ్ళిలో ఆ వియ్యంకుణ్ణి నేనేనన్న సంగతే తట్టలేదు. అన్నయ్యా అని పిలిచే పిల్లకు తండ్రినన్నది నా బుర్ర నెలరోజులుగా పక్కన పెట్టేసింది.

పక్కనున్న బురుల్‌వైపు తిరిగాను. "నీకు ముందే తెలుసా?"

"ఊరందరికీ తెలుసు. నీకే తెలీదు."

"చెప్పొచ్చుగా."

"చెప్తే ఈ నెలంతా నువ్వు ఏం చేసేవాడివి? ఇంట్లో కూర్చుని ఏడ్చేవాడివి. నీ గోలంతా ఫ్లాష్ మీద ఉంది కాబట్టే మేం ముగ్గురం నిశ్చింతగా ఏడ్చుకున్నాం."

అప్పుడు షైలోబెక్ వచ్చాడు. కోచ్‌కోర్‌లో పెళ్ళి ఫోటోలంటే తనే అని అతనూ అంటూంటాడు. అతని కెమెరా మీద రబ్బరుబ్యాండ్లతో కట్టిన ముసలి ఫ్లాష్ ఒకటి, దాని అద్దం పసుపు పచ్చగా మాగిపోయి. ఏ ఊరి పెళ్ళిలో కలిసినా నేను దాన్ని చూసి ఎగతాళి చేసేవాణ్ణి.

"ఓహో, జుమాదిలన్నా! ఇవాళ నువ్వు నా ఎదుట కూర్చున్నావన్నమాట. గెడ్డం ఎత్తు. ఇంకొంచెం. నవ్వు, పళ్ళు కనబడనీ."

మెరిసింది. పచ్చటి చుక్కల్లోంచి అతని కెమెరా తెర చూశాను. పిండిముద్ద మీద టోపీ పెట్టినట్టు ఉంది. తెల్ల తెర పక్కన, తెల్ల గుడ్డ కింద మేరిమ్ మొహం మీద ఈ ఫ్లాష్ ఎదురుగా పడితే ఏం మిగులుతుంది? అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఆ కాగితంలో ఏం వెతుక్కుంటుంది?

"షైలోబెక్, నా మాట విను, ఎదురుగా కొట్టకు..." అన్నానో లేదో, నా కుడిపక్కన కూర్చున్న పెళ్ళికొడుకు నాయనమ్మ గొర్రెతోక కొవ్వూ కాలేయమూ కలిపిన ముద్ద నా నోట్లో కుక్కేసింది. వియ్యమందుకున్నవాళ్ళ నోట్లో అది పెట్టాలి, పెట్టింది మింగాలి. మిగతా మాట ఆ కొవ్వుతోబాటే లోపలికి పోయింది.

"వియ్యంకుడు తినాలి గానీ సలహాలివ్వకూడదు," అని షైలోబెక్ తెరవైపు వెళ్ళిపోయాడు.

కడుపులో బాగాలేదన్నట్టు సైగ చేసి లేచాను. పరుపుల దొంతర మీదికి చెయ్యి చాచి ఓ పక్కగా జారుకోవచ్చని నా ఆశ. ఇద్దరు మగవాళ్ళు నాతోబాటు లేచారు. పెరట్లో మరుగుదొడ్డిదాకా ఇద్దరూ తోడొచ్చారు, తలుపు బయట నిలబడి నా ఆరోగ్యం గురించి కుశలప్రశ్నలు వేశారు, మళ్ళీ చెరో చెయ్యీ పట్టుకుని తెచ్చి పీట మీద దింపారు. అంత మర్యాద నాకు జీవితంలో ఎప్పుడూ జరగలేదు, ఏడుపొచ్చింది.

కనిషాయ్ తెల్ల గుడ్డ మడత విప్పింది. ఆడవాళ్ళు తెర పక్కకు లాగుతున్నారు. ఇక్కడ నేను పేరు కోసం గానీ ఊరి నవ్వుల కోసం గానీ ఆలోచించలేదని ఒట్టేసి చెబుతాను. అమ్మ ఒక్కటే కళ్ళముందు కనబడింది, శాలువా కప్పుకుని, డాక్టర్ని తిడుతూ, కనుమవైపు వెళ్ళే బండి ఎక్కుతూ.

అప్పుడు చంక కింద వెచ్చగా తగిలింది. కెమెరా పట్టుకుపోయారు, సంచి పట్టుకుపోయారు. ఫ్లాష్ నా దగ్గరే ఉంది.

నా చెయ్యి చపాన్ లోపలికి వెళ్ళింది. కళ్ళు మూసుకుని నేర్చుకున్న చదువు ఊరికే పోలేదు. బొత్తాం నొక్కాను. తర్వాత పక్కనున్న చిన్న మీట, నాకక్కర్లేదన్న మీట, అదీ నొక్కాను. షైలోబెక్ ఫ్లాష్ ముసలిది. ముందో చిన్న మెరుపు విసిరే తెలివితేటలు దానికి లేవు. ఇన్నేళ్ళూ నేను వెక్కిరించిన ఆ రబ్బరుబ్యాండ్ల ముద్దను అప్పుడు మనసులోనే ముద్దు పెట్టుకున్నాను.

షైలోబెక్ ముందు ఆడవాళ్ళను ఒక ఫోటో తీశాడు. చపాన్ సందులోంచి ఆ మెరుపు చూసి లోపల నా ఫ్లాష్ మెరిసింది. గుడ్డలోంచి కుట్లతో సహా నా పొట్ట మొత్తం వెలిగి ఆరింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చేతిలోని రొట్టె జారిపోయింది.

"వియ్యంకుడి కడుపులో ఏదో మెరిసిందర్రా," అన్నాడు.

"కొవ్వు ఎక్కువైనట్టుంది," అన్నారు పక్కనెవరో.

"మా గొర్రె మంచిది. మంచి కొవ్వు అలాగే మెరుస్తుంది," అంది నాయనమ్మ, కాలేయం కోస్తూ.

అది పనిచేస్తోంది. ఇప్పుడు దాన్ని దేని మీద కొట్టాలి? పైన చూశాను. కప్పు ఆకుపచ్చ. గోడలన్నీ ఎర్ర కంబళ్ళు. మేరిమ్‌కు జ్వరమా, కామెర్లా అన్నదొక్కటే నా చేతిలో ఉన్నట్టుంది. తల తిప్పితే నా మొహానికి జానెడు దూరంలో నాయనమ్మ ఎలెచెక్ కనబడింది. పెద్దముత్తయిదువలు తలకు చుట్టుకునే ఆ తెల్ల గుడ్డ, మడత మీద మడతగా, కొత్తగా ఉతికి, పెద్ద కుండంత ఉంది. మా ఫ్రిజ్ తలుపుకన్నా తెల్లగా ఉంది.

చపాన్ మెడ దగ్గర్నుంచి ఫ్లాష్ తల పైకి జరిపి ఆవిడవైపు తిప్పాను. కానీ ఆవిడ ఎటో చూస్తోంది. ఇటు తిరగమని చెప్పడానికి నోట్లో ముద్ద ఉంది. నేను గబుక్కున మింగి, ఆవిడవైపు తిరిగి, నోరు బార్లా తెరిచాను.

"ఆకలి మీదున్నాడు పాపం," అని ఆవిడ నావైపు వంగింది. ఎలెచెక్ మొత్తం ఎడమ మూలకు ఎదురుగా వచ్చింది. ముద్ద నోట్లో పడింది. ఆ క్షణంలోనే షైలోబెక్ నొక్కాడు. నా గెడ్డం కిందినుంచి మెరుపు లేచి, ఆ తెల్లటి మడతలకు తగిలి, నా తలమీదుగా మేరిమ్ ఉన్న మూలకు వెళ్ళింది.

ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు. "నాకు చూపు సరిగా ఆనదు గానీ, ఇప్పుడు గదిలోకి ఎండొచ్చినట్టుంది," అంది.

షైలోబెక్ తీస్తూనే ఉన్నాడు. ఆవిడ అటు తిరిగిపోకుండా ఉండాలంటే నేను తింటూనే ఉండాలి. ఎన్ని ముద్దలు తిన్నానో తెలియదు. నా కూతురి తలమీద తెల్ల గుడ్డ పడిన క్షణంలో నేను దానివైపు చూడలేదు. నోరు తెరుచుకుని ఇంకోవైపు చూస్తున్నాను. తండ్రిగా నాకు దొరికిన ఆ ఒక్క పూట నేను చేసిన పని అది.

పెళ్ళయిన కొన్నాళ్ళకు షైలోబెక్ ఫోన్ చేశాడు. "అన్నా, ఫోటోలు బండిలో పంపాను. తెల్ల గుడ్డ ఫోటో చూడు, కళ్ళు తిరుగుతాయి. నా ముసలి ఫ్లాష్‌ను వెక్కిరించేవాడివి కదా? ఆ వెలుగు చూసి మాట్లాడు. పెద్దది చేయించి కొట్టు అద్దంలో పెట్టాను."

"బాగుంది తమ్ముడూ."

"నువ్వు కొత్తది కొన్నావటగా. పాపం, సంచిలోనే ఉండిపోయింది."

అసలు సంగతి నోటిదాకా వచ్చింది. కానీ చెబితే ఆ మాట సాయంత్రానికి కనిషాయ్ చెవిన పడుతుంది, తన ఇంట్లో, పెద్దపీట మీద, వియ్యంకుడు పని చేశాడని. అది మేరిమ్ మెడకు చుట్టుకుంటుంది. "అవును, సంచిలోనే ఉండిపోయింది," అన్నాను. ఇప్పుడు ఆ ఊళ్ళో అతని ఫ్లాష్‌కున్న కీర్తి అంతా ఇంతా కాదు.

ఫోటో రాగానే అమ్మ దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. నేను, బురుల్ వెనకాల నిలబడ్డాం. ముక్కుకు ఆనించుకుని, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మేరిమే," అంది చివరికి.

నేను ఊపిరి వదిలాను.

"ఏడ్చింది," అంది. "కళ్ళు తడిగా ఉన్నాయి. బుగ్గ మీద చార కూడా కనబడుతోంది."

"అవునమ్మా."

"ఆగు. పెదవి చూడు." అమ్మ గోరు ఫోటో మీద జరిగింది. "పంటితో నొక్కిపట్టింది. ఇది నవ్వాపుకుంటోందిరా. ఎవర్నో చూసి నవ్వాపుకుంటోంది. ఎటో పక్కకు చూస్తోంది కూడా. ఎవర్ని?"

నేనూ అప్పుడే చూశాను. తలవంచుకుని ఉండాల్సిన పిల్ల, కళ్ళు మాత్రం ఓరగా పక్కకు తిప్పింది, వెలుగు వచ్చినవైపు. వారంరోజులు తన మొహం మీద మెరిసిన మెరుపును అది పోల్చుకుంది.

"నన్నమ్మా," అన్నాను.

"ఏం చేస్తున్నావు నువ్వు?"

"తోక కొవ్వు తింటున్నాను."

బురుల్ మిగతాదంతా చెప్పింది, నాకన్నా బాగా, ఉన్నదానికి ఇంకాస్త కలిపి. అమ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది. కళ్ళు తుడుచుకుని, ఫోటో మళ్ళీ చూసింది. "బతుకుతుంది," అంది. "మొదటిరోజే ఆ ఇంట్లో దానికి నవ్వొచ్చింది. నేను వెళ్ళక్కర్లేదు."

తర్వాత ఫోటో మూల మీద గోరు ఆపింది. "ఇక్కడ బంగారురంగులో ఏదో రాసుందే?"

"తీసినవాడి పేరమ్మా."

"నీ పేరా?"

"కాదు. షైలోబెక్ పేరు."

"మరి నువ్వో? ఎక్కడున్నావు?"

ఫోటో బల్లమీద పెట్టి, దాని అంచు దాటి కాస్త పక్కగా, ఉత్త చెక్క మీద వేలు పెట్టాను. "ఇక్కడ."

అమ్మ మేరిమ్ కళ్ళు చూసింది. ఆ కళ్ళు చూస్తున్న చోటు, నా వేలు ఉన్న చోటు చూసింది. ఫోటోను అరమీద గోడకు ఆనించి నిలబెట్టింది. మధ్యాహ్నం బురుల్ దాని పక్కనున్న ఖాళీలో టీ డబ్బా పెట్టబోతే ఊరుకోలేదు.

"అక్కడేం పెట్టకు," అంది. "అక్కడ దాని నాన్న ఉన్నాడు."